పదకొండు పాయింట్ ఆరు వోల్టులు

పుల్లలచెరువు మండలంలోని ఆ అడవంచు ఊరికి మా బండి చేరింది ఉదయం పదకొండు నలభైకి. జూన్ మొదటి వారం. నలభై మూడు డిగ్రీల ఎండ, ఒక్క మబ్బు లేదు. ఆఖరి ఆరు కిలోమీటర్లు కంకర కూడా పడని మట్టిదారి. ఊరు దాటి ఇంకో రెండు కిలోమీటర్లు పోయాక, నల్లమల కొండలు మొదలయ్యే చోట, దున్ని వదిలేసిన కంది చేలో ఆపమన్నారు. ఆపాను. కిందికి దిగితే కాలు మడమ దాకా దుమ్ములో దిగబడింది. చుట్టూ గొర్ల పెంట వాసన.

మా తర్లుపాడులో ఎవరింటికి పోయినా నన్ను కూర్చోబెట్టి బార్డరు కబుర్లు చెప్పమంటారు. పదిహేడేళ్లు మిలిటరీలో బండ్ల ఎలక్ట్రీషియన్‌గా చేశాను. మంచులో ఇంజన్లు స్టార్ట్ చేశాను, ఇసుక తుఫానులో వైరింగు విప్పాను. అవి మీకు సినిమాల్లో దొరుకుతాయి. నేను చెప్పేది రిటైరై వచ్చాక, ఇంటికి రెండు గంటల దూరంలో, ముప్పై ఐదు రోజులు చేసిన డ్యూటీ గురించి. అక్కడ నాకు శత్రువు ఎవడూ లేడు. నేనే తయారు చేసుకున్నాను.

బండి గురించి ముందు చెప్పాలి. అది కాపురం ఉండగలిగిన ఆసుపత్రి. బస్సు బాడీలో పరీక్ష బల్ల, రెండు మంచాలు, స్టవ్వు, నీళ్ల ట్యాంకు, ఎనిమిది ఎల్‌ఈడీ లైట్లు, ఒక చిన్న ఫ్రిజ్. వీటన్నిటికీ కరెంటు ఇచ్చేవి వెనక పెట్టెలో ఉన్న రెండు పెద్ద బ్యాటరీలు. బండి స్టార్ట్ చేసే బ్యాటరీ ముందు వేరే ఉంటుంది. ఊరి లైను ఆ చేను దాకా రాలేదు కాబట్టి పొద్దున ఏడు నుంచి తొమ్మిది దాకా ఇంజన్ నడపాలి, ఆ రెండు గంటల్లో వెనక బ్యాటరీలు నిండాలి. మనుషులం ముగ్గురం. గుంటూరు వైపు నుంచి వచ్చిన డాక్టరమ్మ, గిద్దలూరు సిస్టరు, డ్రైవరూ ఎలక్ట్రీషియనూ కావలివాడూ అన్నీ అయిన నేను.

ఆర్డరు ఒక్కటే. ఫ్రిజ్ రెండు డిగ్రీలకూ ఎనిమిది డిగ్రీలకూ మధ్య ఉండాలి. అందులో ఉన్నది పాముకాటు మందు. తొలకరి పడితే పాములు బయటికి వస్తాయి, విత్తనానికి మనుషులు చేలల్లోకి వస్తారు. మార్కాపురం పెద్దాసుపత్రికి ఆ దారిలో రెండు గంటలు. అందుకే ఆ బండి అక్కడ. వెనక బ్యాటరీలు పడుకుంటే ఫ్రిజ్ పడుకుంటుంది, ఫ్రిజ్ పడుకుంటే ఎవరో ఒకరి ప్రాణం పోతుంది. ఇది నాకు ఎవరూ రెండోసారి చెప్పనక్కర్లేదు.

మేం దిగిన గంటకే మాలకొండయ్య, అతని భార్య గాలెమ్మ వచ్చారు. ఇద్దరికీ యాభై దాటి ఉంటాయి. ఐదు కుటుంబాలు కలిసి మూడు వందల జీవాలు మేపుతున్నాయి. ఎరువు కోసం రైతులు వాళ్లను పిలిచి తమ చేలల్లో రాత్రిళ్లు మంద పెట్టించుకుంటారు. మేం బండి ఆపింది సరిగ్గా వాళ్లు మంద పెట్టే చోటే.

"ఇది మా మంద తావు నాయనా," అంది గాలెమ్మ. "పర్లేదులే, ఇంత ఎడంగా జరుపుకుంటాం. ఒక్కటే అడిగేది. మా టార్చీలకు కరెంటు పెట్టుకోనిస్తారా? ఊళ్లోకి పోవాలంటే జీవాలను ఇడిసి పోవాల."

తలకు కట్టుకునే టార్చీలు. చిరుత వచ్చినా, అడవిపంది వచ్చినా, చీకట్లో ఒక జీవం తప్పిపోయినా వాళ్లకు ఉన్నది ఆ వెలుగే. డాక్టరమ్మ వెంటనే సరేనంది. బండి బయటి వైపు ఒక ప్లగ్గుల బోర్డు ఉంది. మరుసటి రోజు నుంచి దానికి పద్నాలుగు టార్చీలు వేలాడాయి. బదులుగా గాలెమ్మ కిలోమీటరు దూరంలోని బోరు నుంచి రోజూ రెండు బిందెల నీళ్లు తెచ్చి మా మెట్టు మీద పెట్టేది. మేం అడగలేదు.

నాలుగో రోజు ఉదయం మీటరు పెడితే, నిండితే పన్నెండున్నర వోల్టులు దాటాల్సిన వెనక బ్యాటరీలు పన్నెండు పాయింట్ ఒకటి. ఆరో రోజు పదకొండు పాయింట్ ఎనిమిది. ఎనిమిదో రోజు పదకొండు పాయింట్ ఆరు. లైట్లు గుడ్డిగా వెలుగుతున్నాయి. సిస్టరు మాత్రల అట్ట మీద పేరు చదవలేక కిటికీ దగ్గరికి పట్టుకుపోయింది.

ఆఫీసుకు ఫోన్ చేయాలంటే రాళ్లగుట్ట ఎక్కాలి. ఎక్కాను.

"బండి పని చేస్తోందా లేదా?" అన్నాడు సూపర్‌వైజర్.

"చేస్తోంది సార్. వోల్టేజి తక్కువగా ఉంది. పదకొండు పాయింట్ ఆరు."

"మనుషుల భాషలో చెప్పవయ్యా."

"లైట్లు వెలగట్లేదు సార్."

"నువ్వు మిలిటరీ వాడివని కదా పెట్టుకున్నది. చూసుకో."

చూసుకున్నాను. బ్యాటరీల్లో డిస్టిల్డ్ వాటర్ చూశాను, సరిగ్గా ఉంది. టెర్మినళ్లు విప్పి సోడా కలిపిన వేడినీళ్లతో కడిగి బిగించాను. ఇంజన్ నడుస్తుంటే ముందు బ్యాటరీ దగ్గర పద్నాలుగు పాయింట్ రెండు వస్తోంది, అంటే ఇంజన్‌తో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటరు బాగుంది. దాన్ని వెనక బ్యాటరీలకు కలిపే రిలే పని చేస్తోంది. ఫ్యూజులు బాగున్నాయి. పాజిటివ్ వైరు ముందు నుంచి వెనక్కి అంగుళం అంగుళం తడిమాను. ఎక్కడా తప్పు లేదు. ఇంజన్ నడుస్తున్నా వెనక బ్యాటరీలు పన్నెండు దాటట్లేదు. ఖాళీ అయిన బ్యాటరీ అంత తొందరగా లేవదులే అనుకున్నాను.

బ్యాటరీల కింద ఒక నల్లటి రాతి పలక పరిచి ఉంది. బాడీ కట్టింది మార్కాపురంలో ఒక షెడ్డులో. మన వైపు వాళ్లు ఏది కట్టినా అందులో ఒక పలక పెట్టకపోతే నిద్ర పట్టదు. యాసిడ్ పడినా తినదు, కాలదు, కరెంటు పారదు అని నమ్మకం. మా నాయన పలకల గనిలో ఇరవై ఏళ్లు పని చేసినవాడు. నేను ఆ పలక మీద చెయ్యి వేసి, మన వాళ్ల పని మన వాళ్లదే అని మురిసిపోయి, పెట్టె మూత వేసేశాను.

మరి కరెంటు ఎటు పోతోంది? తల తిప్పితే బోర్డుకు పద్నాలుగు టార్చీలు కనిపించాయి. పద్నాలుగు టార్చీలు ఎంత తింటాయో లెక్క వేయడం నాకు చేతకానిది కాదు. కాగితం మీద రెండు నిమిషాల పని. వేయలేదు. దొంగ కళ్ల ముందే దొరికాక లెక్క ఎందుకు?

తొమ్మిదో రోజు ఉదయం తొమ్మిది పదిహేనుకు బోర్డు ఫ్యూజు పీకాను. టార్చీలన్నీ ఒక గోనెసంచిలో వేసి మాలకొండయ్య ముందు పెట్టాను.

"ఏందబ్బాయా ఇది?" అన్నాడు.

"బండి కరెంటంతా మీ టార్చీలే తాగుతున్నాయి. ఇక పెట్టకూడదు."

"ఇంతింత టార్చీలు అంత బండి కరెంటు తాగుతాయా? ఇంకేందన్నా తప్పుందేమో సూసుకోరాదా."

నాకు ఒళ్లు మండింది. గొర్లు కాసుకునేవాడు నాకు వైరింగు చెబుతాడా. "నా పని నాకు తెలుసు. నువ్వు నీ గొర్లు చూసుకో," అన్నాను. అన్నా అనలేదు, మామా అనలేదు. అక్కడ ముక్కూమొహం తెలియని మనిషిని కూడా ఏదో ఒక వరస పెట్టి పిలుస్తారు. నేను ఏ వరసా పెట్టలేదని అతను గమనించాడు. సంచి భుజాన వేసుకుని పోయాడు.

మరుసటి రోజు మెట్టు మీద బిందెలు లేవు. నేనే డబ్బాలు మోసుకుని బోరు దగ్గరికి పోయాను. నన్ను చూసి అక్కడి ఆడవాళ్లు మాటలు ఆపేశారు. నా డబ్బా నిండేదాకా ఎవరూ నోరు విప్పలేదు. పదిహేడేళ్లలో ఏ ఊళ్లోనూ అంత మౌనంగా నన్ను ఎవరూ తిట్టలేదు.

టార్చీలు పోయినా వోల్టేజి లేవలేదు. పదకొండు పాయింట్ ఆరు. మనిషన్నవాడికి అప్పుడైనా బుద్ధి రావాలి. నాకు అనుమానం వచ్చింది. నేను చూడనప్పుడు వీళ్లు ఏదో తగిలిస్తున్నారు. పన్నెండో రోజు మధ్యాహ్నం చక్రం నీడలో పడుకుని కాపు కాశాను. మూడున్నరకు మాలకొండయ్య వచ్చి బోర్డు దగ్గర చెయ్యి పెట్టాడు. లేచి చెయ్యి పట్టుకున్నాను.

"దొంగతనంగా కరెంటు తీసుకుంటున్నావా?"

అతని చేతిలో ఉన్నది ఒక ఛార్జరు. నేను పీకినప్పుడు బోర్డు వెనక చిక్కుకుని మిగిలిపోయింది. దాన్ని తీసుకుపోవడానికి వచ్చాడు. వెనకే గాలెమ్మ వచ్చింది. మందలో మనుషులు కూడా వచ్చారు. నేనన్న మాట అందరూ విన్నారు. తప్పైందని అనడానికి నోరు రాలేదు. చెయ్యి మాత్రం వదిలేశాను.

సాయంత్రం డాక్టరమ్మ నన్ను పిలిచింది. "మీరు బ్యాటరీని చూడండి, మనుషుల్ని కాదు. పెద్దాయన చెయ్యి పట్టుకుని దొంగ అంటారా? మీ అన్నయ్యనైతే అంటారా?"

"మేడమ్, నా పోస్టు నా బాధ్యత."

"మీ పోస్టు ఏంటో నాకు అర్థం కావట్లేదండీ," అంది. ఆ తర్వాత మూడు రోజులు నాతో పని మాటలే మాట్లాడింది.

పదహారో రోజు వాన పడింది. నలభై నిమిషాలు. చేను మొత్తం బురద. ఉసుళ్లు లేచాయి, కప్పలు అరిచాయి. అందరూ సంతోషించారు, నేను ఫ్రిజ్ వైపు చూశాను. ఏడు డిగ్రీలు. వోల్టేజి పడిపోయినప్పుడల్లా ఫ్రిజ్ తనంతట తనే ఆగిపోతోంది. మిగతావన్నీ ఆపేసి ఒక్క లైటు మీద బతికాం. అన్నం వండుకున్నది కూడా పగలే.

పద్దెనిమిదో రోజు. సాయంత్రం ఏడు పది. మబ్బు పట్టి అప్పటికే చిమ్మచీకటి. ఇద్దరు మనుషులు మాలకొండయ్యను మోసుకొచ్చారు. వెనక గాలెమ్మ, చెప్పులు లేకుండా. ఎడమ పాదం అప్పటికే ఉబ్బింది. రెండు గాట్ల నుంచి రక్తం కారుతూనే ఉంది, ఆగట్లేదు.

"ఎంతసేపైంది?" డాక్టరమ్మ.

"పావుగంటమ్మా. జీవాలను దొడ్లోకి తోల్తా ఉంటే."

"ఏ పామో చూశారా?"

"సూడ్డానికి ఎలుతురు యాడిదమ్మా," అంది గాలెమ్మ.

"టార్చి లేదా?"

"ఉంది. ఛార్జింగు లేదు."

ఆమె నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది.

డాక్టరమ్మ రక్తపింజర అనుకుంది. ఫ్రిజ్ తెరిచింది. ఎనిమిది డిగ్రీలు, మందు బాగుంది. నేను ఇంజన్ స్టార్ట్ చేశాను. లైట్లు పెరగలేదు. ఎనిమిది లైట్లూ వేసినా కుంకుడుగింజంత వెలుగు లేదు. సిస్టరు ఫోన్ టార్చి పట్టుకుంది. ముసలి చెయ్యి, ఎండిన నరాలు. ఫోన్ వెలుగు ఒక వైపు నుంచి పడితే రెండో వైపు నీడ. సూది ఒకసారి తప్పింది. రెండోసారి తప్పింది.

"లైటు కావాలి నాకు," అంది డాక్టరమ్మ. గొంతు పెంచలేదు. "ఎలా ఇస్తారో ఇవ్వండి."

మీటరు, జంపర్ కేబుల్ తీసుకుని వెనక్కి పరుగెత్తాను. ముందు బ్యాటరీ దగ్గర పద్నాలుగు ఉంది. ఇక్కడ పదకొండు పాయింట్ తొమ్మిది. రెండు వోల్టులు మధ్యలో ఎక్కడో పోతున్నాయి. పాజిటివ్ వైపు చూశాను, ఏమీ పోవట్లేదు. మరి నెగటివ్? మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొన బండి అడుగు చట్రం, అంటే చాసిస్ ఇనుము మీద పెట్టాను. రెండు పాయింట్ ఒకటి.

సున్నా ఉండాల్సిన చోట రెండు వోల్టులు. ట్రైనింగులో మొదటి వారం నేర్పే పాఠం ఇది. పోయిన కరెంటు తిరిగి రావడానికి కూడా దారి ఉండాలి, బండిలో ఆ దారి చాసిస్సే. పద్దెనిమిది రోజులు నేను పోయే దారి మాత్రమే చూశాను.

జంపర్ కేబుల్ ఒక పక్క నెగటివ్‌కు తగిలించాను. రెండో పక్క, చాసిస్ మీద రంగును ఇనుము తేలేదాకా గీకి పట్టించాను. చిన్న నిప్పురవ్వ లేచింది. మీటరు పదమూడు పాయింట్ నాలుగు చూపించింది. బండి లోపల పట్టపగలైంది.

"నరం దొరికింది," అంది సిస్టరు లోపలి నుంచి. టైము ఏడు ముప్పై ఒకటి. మందు ఎక్కడం మొదలైంది.

ఏడు యాభైకి బండి కదిలించాను. సెలైను సీసా సిస్టరు చేత్తో పట్టుకుంది. గాలెమ్మ నేల మీద కూర్చుని భర్త తల పట్టుకుంది. మట్టిదారిలో గంటకు పదిహేను, తారు మీద అరవై. మధ్యలో రెండుసార్లు వెనక్కి అరిచాను, "ఎట్లుంది సిస్టర్?" అని. "నువ్వు రోడ్డు చూడన్నా," అంది రెండుసార్లూ. మార్కాపురం ఆసుపత్రి గేటు దాటేసరికి పదికి ఐదు నిమిషాలు. స్ట్రెచర్ మీద ఎక్కించాక అక్కడి డాక్టరు మందు ముందే పడింది కాబట్టి బతికాడన్నాడు. ఇరవై నిమిషాలు ముందు పడి ఉంటే పాదానికి కూడా మంచిదయ్యేది అన్నాడు. ఆ ఇరవై నిమిషాలు ఎవరివో నాకు తెలుసు.

మరునాడు చేనుకు తిరిగొచ్చి బ్యాటరీలు దింపి, పలక ఎత్తాను. నెగటివ్ నుంచి చాసిస్‌కు పోయే ఎర్త్ వైరు బోల్టును ఆ షెడ్డు వాళ్లు పలకలోంచే చాసిస్‌కు బిగించారు. బండి కుదుపులకు పలక లోపల చితికిపోయింది. బోల్టు వదులైంది. వైరుకూ ఇనుముకూ మధ్య మెత్తటి నల్లటి పలక పొడి పేరుకుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. ఆ పొడి మా నాయన చొక్కాల మీద చిన్నప్పటి నుంచీ చూసిందే. ఇనుము శుభ్రం చేసి బోల్టు నేరుగా చాసిస్‌కు బిగించాను. పదిహేను నిమిషాలు పట్టింది. రెండు గంటలు ఇంజన్ నడిపితే పన్నెండు పాయింట్ ఆరు నిలిచింది.

ఆ సాయంత్రమే బోర్డు ఫ్యూజు పెట్టి మంద దగ్గరికి పోయాను. గాలెమ్మ ఆసుపత్రిలో ఉంది. ఆమె తమ్ముడు గొర్రెపిల్లకు పాలు పట్టిస్తున్నాడు.

"అన్నా, తప్పు బండిదే. ఎర్త్ పోయింది. మీ టార్చీలది కాదు. మళ్లీ పెట్టుకోండి."

అతను తల ఎత్తలేదు. "ఆ రోజు మా బావ ఇదే అడిగినాడు గదా, తప్పేందో సూసుకోమని."

"అడిగాడు."

"ఎర్తో గిర్తో మాకేం తెలుసు. నువ్వు దొంగలన్నావు, పదిమందిలో మేం దొంగలమైనాం. ఇప్పుడు నువ్వొచ్చి కాదంటే ఆ పదిమందినీ యాడ పిల్చుకొచ్చేది?"

అతను నన్ను కూర్చోమనలేదు. వెళ్లమని కూడా అనలేదు. తిరిగొచ్చాను. డ్యూటీ అయిపోయేదాకా ఆ బోర్డుకు ఒక్క టార్చి కూడా తగల్లేదు. రోజూ ఒక మనిషి జీవాలను వదిలి, రెండు కిలోమీటర్లు నడిచి, ఊళ్లో టార్చీలు పెట్టుకుని వచ్చేవాడు. మా బండి పక్కనుంచే పోయేవాడు.

మాలకొండయ్య ఇరవై తొమ్మిదో రోజు ఆసుపత్రి నుంచి వచ్చాడు. ఎడమ పాదంలో రెండు వేళ్లు తీసేశారు. చర్మం ఊడిన చోట రోజూ కట్టు మార్చాలి. ఇక జీవాల వెంట నడవలేడు. గాలెమ్మ అతన్ని పొద్దున పదకొండింటికి బండికి తీసుకొచ్చేది. నేను మెట్టు దగ్గర చెయ్యి అందించేవాణ్ణి. అతను తలుపు పట్టుకుని ఎక్కేవాడు. రెండో రోజు, "అన్నా, నన్ను క్షమించు," అన్నాను. "కాలికి నువ్వేం జేసినావులే అబ్బాయా," అన్నాడు, చెయ్యి మాత్రం పట్టుకోలేదు.

ముప్పై ఐదో రోజు వెనక్కి రమ్మని ఆర్డరు వచ్చింది. మధ్యాహ్నం రెండు పదికి చేను వదిలాం. కంది మొలకలు రెండాకులు వేసి ఉన్నాయి. మార్కాపురంలో బండి, తాళాలు, మీటరు అప్పజెప్పాను. ఆటో ఎక్కి తర్లుపాడులో దిగేసరికి ఆరైంది. నాయన అరుగు మీద ఉన్నాడు.

"ఎట్లుండె డ్యూటీ?" అన్నాడు.

"పర్లేదు నాయనా. పలకొకటి చితికింది, సరి చేసినా."

"మన పలక చితకదే."

ఆయనకు చెప్పనిది మీకు చెబుతాను. బార్డరు కబుర్లు అడిగినప్పుడల్లా నా కళ్ల ముందుకు వచ్చేది ఇదే.

ఆ ఆఖరి రోజు పదకొండింటికి చివరి కట్టు కట్టాం. డాక్టరమ్మ గాయం సరిగ్గా చూడాలనడంతో బల్ల మీది పెద్ద లైటు వేశాను. తెల్లగా, నిండుగా వెలిగింది. పన్నెండు పాయింట్ ఏడు. కట్టు అయింది. మాలకొండయ్య మెట్లు దిగాడు. గాలెమ్మ అతని వెంట దిగబోయి ఆగింది, వెనక్కి వచ్చింది. నాతో ఏదైనా అంటుందని నిలబడ్డాను. తిట్టినా సరే అనుకున్నాను. ఆమె గోడ మీద స్విచ్చు కోసం వెతికింది. గొర్ల జిడ్డుతో నల్లబడిన వేలు ఒక్కో స్విచ్చు మీదా ఆగుతూ పోయి, ఆ లైటుది దొరికాక, జాగ్రత్తగా ఆర్పేసింది.

"ఇంగ సూసుకో నాయనా," అంది. "మేం తాగిన కరెంటేమన్నా ఉంటే ఇప్పుడే చెప్పు."